వెనక్కి తీసుకోమన్న జవాబు

తినాబ్లాన్‌లో ఎవరైనా పోతే ముందు కబురు అందేది పెట్టెలు చేసే వడ్రంగికి కాదు, ఓసింగ్ అక్కకి. వడ్రంగి లేకపోతే పక్క ఊరి నుంచి పెట్టె తెప్పించుకోవచ్చు. ఓసింగ్ అక్క లేకపోతే మాత్రం పోయినవాడు ఎటు పోవాలో తెలియక ఇంటి చూరు పట్టుకుని వేలాడతాడని ఆ ఊరి నమ్మకం. ఫాదర్ ఉండేది పట్నంలో. వాన లేకపోతే, పడవ దొరికితే, నెలకోసారి వచ్చి పూజ చెప్పి వెళ్తాడు. చావులు ఆయన వీలు చూసుకుని రావు కదా. అందుకని చావు జరిగిన ఇంట్లో తొమ్మిది సాయంత్రాలు జపమాల చెప్పించి ఆత్మని సాగనంపే పని ముందునుంచీ ఆడవాళ్ళదే. అందులోనూ ఓసింగ్ అమ్మమ్మ వంశానిదే.

జ్ఞానస్నానంలో ఆవిడకి పెట్టిన పేరు యుఫ్రొసీనా. ఆ పేరు పూర్తిగా పలికే ఓపిక ఆ ఊరున్న సమార్ దీవిలో ఎవరికీ లేదు. మొగుడు పోయి చాలా కాలమైంది. పగలు కొండ గుహలో చల్లని నీడన, మిగతా ఆడవాళ్ళతో కూర్చుని తుంగ చాపలు అల్లేది. సాయంత్రమయ్యేసరికి తల దువ్వుకుని, నల్ల ముసుగు భుజాన వేసుకుని, ఎవరింట్లో చావైతే ఆ ఇంటికి బయల్దేరేది. చావుల్లేని వారాల్లో ఆవిడ ముఖంలో ఒక రకం వెలితి కనపడుతుందని గిట్టనివాళ్ళు అనేవారు. గిట్టనివాళ్ళంటే ముఖ్యంగా చిల్లర కొట్టు సేరియా.

ఆవిడ గొంతు ఇంపైనదేం కాదు, ఆకురాయి పెట్టినట్టు గరగరలాడేది. కానీ ఒక్క మాట తడబడేది కాదు. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న లాటిన్ ముక్కలకి అర్థం ఆవిడకీ తెలియదు, వినేవాళ్ళకీ తెలియదు. దేవుడికి తెలిస్తే చాలునని ఇరుపక్షాలకీ ఒప్పందం. జపంలో ఆవిడకి వేగాలుండేవి. వంటింట్లో కాఫీ ఇంకా పొయ్యి మీదే ఉంటే ఒక్కో మరియమ్మ జపాన్నీ పిల్లిని నిమిరినట్టు నింపాదిగా చెప్పేది. పంది మాంసం ఉడికిన వాసన ముందుగదిలోకి వచ్చిందంటే పూసలు పరుగెత్తేవి. ఒకసారి జపం మధ్యలో వాన మొదలైంది. దండెం మీద ఆరేసిన బట్టలు గుర్తొచ్చి, జపమాలలో తలుచుకునే ఐదు రహస్యాల్లో, అంటే ప్రభువు జీవితంలోని ఘట్టాల్లో, ఒకటి ఎగరగొట్టేసింది. ఎవరూ కనిపెట్టలేదు. ఇంటికెళ్ళాక తనే భయపడి, తడిసిన బట్టలు పిండుకుంటూ ఆ మిగిలిన రహస్యం పూర్తిచేసింది.

మనిషికి అన్నం కాకుండా ఇంకో ఆకలి ఉంటుంది. పిలిస్తే పలికేవాళ్ళు కావాలి. ఓసింగ్ చేసే పనంతా అదే. "ప్రభువా, నీ దాసుడు ఫలానా వాడికి నిత్య విశ్రాంతి దయచేయుము" అని ఆవిడ పిలిచేది. "నిత్య వెలుగు అతని మీద ప్రకాశించుగాక" అని గదంతా ఒక్క గొంతుతో పలికేది. పొద్దుటి దాకా గోడకేసి తల బాదుకున్న తల్లి కూడా ఆ జవాబు చెవిన పడేసరికి కొంచెం సర్దుకుని కూర్చునేది. దేవుడు పలికాడో లేదో ఎవరు చెప్పగలరు? పక్కింటివాడు మాత్రం పలికాడు కదా. ఆ సర్దుకోవడాన్ని ఓసింగ్ ఎన్ని ఇళ్ళల్లో చూసిందో లెక్కలేదు. మందు ఎలా పనిచేస్తుందో ఆవిడకి తెలియదు, పనిచెయ్యడం చూసింది, అంతే.

ఆ మందు తనే మింగవలసి వచ్చేసరికి గొంతు దిగలేదు.

కొడుకు రోల్డన్ ఒక్కగానొక్కడు. నవ్వితే చిగుళ్ళు కనపడే మనిషి. ఈశాన్యపు గాలి మొదలయ్యే రోజుల్లో, రెండు వైపులా వెదురు కట్టిన చిన్న పడవ మీద, ఒక స్నేహితుణ్ణి తోడు తీసుకుని సూర చేపల వేటకి వెళ్ళాడు. తోడు వెళ్ళినవాడి శవాన్ని అలలు రెండు ఊళ్ళ అవతల ఒడ్డున పడేశాయి. పడవ ముక్క ఒకటి దొరికింది. రోల్డన్ దొరకలేదు.

తోడు వెళ్ళినవాడి తొమ్మిది సాయంత్రాలూ ఓసింగే చెప్పింది. గొంతు వణకలేదు. చివరి సాయంత్రం అన్నాలయ్యాక ఆడవాళ్ళు మెల్లగా చేరారు.

"ఇంక మనవాడికి ఎప్పుడు మొదలుపెడదాం అక్కా?"

"మనవాడికేమొచ్చింది? వాడు బతికే ఉన్నాడు."

ఆడవాళ్ళు నేల చూపులు చూశారు. ఓసింగ్ వదల్లేదు. "పక్కనున్నవాణ్ణి సముద్రం తెచ్చి అప్పగించిందా లేదా? వీణ్ణి అప్పగించలేదంటే అర్థమేంటి? వీడు దాని చేతికి చిక్కలేదనేగా! మీకు ఆ మాత్రం తట్టదేం?"

ఆ తర్కానికి ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పైగా ఇలాంటివి జరిగాయి కూడా. ఎక్కడో ఎవడినో పరదేశపు ఓడవాళ్ళు నీళ్ళలోంచి తీసి, నెలల తర్వాత ఏదో దేశంలో దింపారని అందరూ విన్నదే. ఓసింగ్ ఆ కథ చెప్పిన ప్రతిసారీ ఆ దేశం మారిపోయేది. ఒకసారి తైవాన్, ఒకసారి జపాన్, మనసు మరీ బాగాలేని రోజున బ్రెజిల్.

రెండేళ్ళు గడిచాయి. జపం లేని సాయంత్రాల్లో, పడవలు తిరిగొచ్చే వేళకి ఆవిడ ఒడ్డున నిలబడేది. మొదట్లో జాలర్లు దూరం నుంచే "కనపడలేదక్కా" అని కేకేసేవారు. తర్వాత తల అడ్డంగా ఊపేవారు. ఆ తర్వాత్తర్వాత, ఒడ్డు దగ్గరపడేసరికి వలలో ఏదో చిక్కుపడినట్టు వంగి చూసుకోవడం మొదలుపెట్టారు.

ఇంట్లో కోడలు జొనలిన్ ఉంది. వేరే దీవి పిల్ల. ఇంకా పాతికేళ్ళు నిండలేదు. నల్లబట్ట కట్టుకుంటానంటే అత్త ఒప్పుకోలేదు. "బతికున్న మొగుడికి అపశకునం చేస్తావా?" అంది. రంగుబట్ట కట్టుకుంటే ఊళ్ళో ఆడవాళ్ళు ఎగాదిగా చూస్తారు. పాపం, ఆ పిల్ల రెండేళ్ళూ బూడిదరంగు లంగాతోనే నెట్టుకొచ్చింది.

ఓసింగ్‌కి లోపల అనుమానం లేదనుకుంటే పొరపాటు. మంత్రగాళ్ళ దగ్గరికీ సోదె చెప్పేవాళ్ళ దగ్గరికీ వెళ్ళడం పాపమని ఊరందరికీ ఆవిడే బుద్ధి చెప్పేది. అలాంటిది ఒక మధ్యాహ్నం, ఎండ లేకపోయినా గొడుగు ముఖానికి అడ్డం పెట్టుకుని, కొండ అవతల గుడ్డు నీళ్ళలో కొట్టి జాతకం చెప్పే ముసలాడి పాకకి వెళ్ళింది. బల్ల మీద ఒక మనిషి అటు తిరిగి కూర్చుని ఉంది. చేతుల్లో జబ్బు చేసిన కోడిపుంజు. ఓసింగ్ గొడుగు దించింది. ఆ మనిషి పుంజుని దించింది. చూస్తే సేరియా!

"నడుం నొప్పి" అంది ఓసింగ్ ముందుగా.

"నాకూనూ" అంది సేరియా, పుంజుని ఒళ్ళో దాచుకుంటూ.

ఇద్దరూ ఈ సంగతి ఇంకెక్కడా ఎత్తలేదు. ముసలాడు గుడ్డు కొట్టి, చాలాసేపు చూసి, "నీళ్ళే కనపడుతున్నాయమ్మా" అన్నాడు. గిన్నెలో నీళ్ళే కదా ఉన్నది! ఆ ముక్క తనకీ తెలుసని గొణుక్కుంటూ ఓసింగ్ ఇంటికొచ్చింది. వచ్చి, ఆ పాపానికి పరిహారంగా జపమాల చెప్పుకోబోయింది. సగంలో ఆపేసింది. ఒక్కతే పిలిచి ఒక్కతే పలకడం ఆవిడకి ఎప్పుడూ అలవాటు లేదు.

ఆ ఏడాది వేసవిలో సేరియా మొగుడు అనక్లేతో పోయాడు. పందెంలో గెలిచిన పుంజుని చంకన పెట్టుకుని ఇంటికొస్తూ దారిలో కూలబడ్డాడు. పుంజుకేమీ కాలేదు. పాత కచ్చలన్నీ పక్కనపెట్టి సేరియా కబురంపింది, ఓసింగ్ నల్ల ముసుగు తీసింది. ఎనిమిది సాయంత్రాలు చక్కగా సాగాయి. తొమ్మిదోది పెద్దది. ఊరంతా వచ్చింది. గదిలో చోటు చాలక గుమ్మం దాటి, వీధిలోకి, అక్కణ్ణుంచి పక్కింటి అరుగు దాకా జనం. పెరట్లో పంది కాలుతోంది. అందరి నోళ్ళూ జపం మీద, ముక్కులు పెరటి మీద ఉన్నాయి.

జపమాల ముగిసింది. ఓసింగ్ శిలువ గుర్తు చేసుకుని, ఎప్పట్లాగే ఊపిరి పీల్చి, ఎప్పట్లాగే గట్టిగా అంది.

"ప్రభువా, నీ దాసుడు రోల్డన్‌కి నిత్య విశ్రాంతి దయచేయుము."

"నిత్య వెలుగు అతని మీద ప్రకాశించుగాక" అంది ఊరంతా. గదిలోవాళ్ళూ వీధిలోవాళ్ళూ పక్కింటి అరుగు మీదివాళ్ళూ ఒక్క గొంతుతో అన్నారు. ఆ ఊళ్ళో అంత నిండైన జవాబు చాలా కాలంగా ఎవరికీ దక్కలేదు.

గుమ్మం దగ్గర జొనలిన్ "అమ్మా!" అని ఒక్క అరుపు అరిచి నోరు మూసుకుంది. అప్పుడు గాని ఎవరికీ తెలియలేదు. ఓసింగ్ ముఖాన కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. చేతిలో పూసలు అలాగే వేలాడుతున్నాయి.

"మా ఆయన పేరు అనక్లేతో" అంది సేరియా, ఆ నిశ్శబ్దంలో, చాలా స్పష్టంగా.

వెనకెవరో కిసుక్కుమన్నారు. ఎవరో వాళ్ళని గిల్లారు. ఓసింగ్ లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయింది. అనక్లేతోకి రావలసిన చివరి విశ్రాంతిని వడ్రంగి తన వడ్రంగపు గొంతుతో ఎలాగో అడిగేసి పని ముగించాడు. పంది మాంసం మాత్రం బాగా కుదిరిందనే అందరూ చెప్పుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ఓసింగ్ ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. ఎవరూ ఎన్నడూ చెయ్యని పని అది. మొదటి గుమ్మంలో నిలబడి, తలొంచుకుని, "రాత్రి నువ్వు పలికిన జవాబు వెనక్కి తీసుకో" అంది.

ఆ ఇంటి ఇల్లాలు చేతిలో చీపురుతో బిత్తరపోయింది. "జవాబు ఎలా తీసుకోనక్కా?"

"తీసుకుంటున్నానను. చాలు."

"అలాగే. తీసుకున్నా."

"మీ ఆయన్ని కూడా పిలువు."

కొందరు ఏడుపు ఆపుకుంటూ తీసుకున్నారు. కొందరు నవ్వు ఆపుకుంటూ తీసుకున్నారు. వడ్రంగి రంపం ఆపి, టోపీ తీసి, "నేను ఉత్తినే పెదాలు కదిపానక్కా, నా ధ్యాసంతా పంది మీదే ఉంది" అని నిజం చెప్పాడు. ఓసింగ్ మొదటిసారిగా ఒక మనిషి అశ్రద్ధకి చేతులెత్తి దండం పెట్టింది. చివరికి చిల్లర కొట్టు ముందుకొచ్చింది.

"నేను తీసుకోను" అంది సేరియా.

"అదేంటే! నీ మొగుడికి రావలసింది పోయిందని నువ్వేగా మొత్తుకున్నావ్?"

"మొత్తుకున్నా. ఇప్పుడూ మొత్తుకుంటా. కాలు జారితే తీసుకోవచ్చుగానీ నోరు జారితే తీసుకోలేమని మనల్ని కన్నవాళ్ళు ఊరికే అన్నారా? నీ నోరు జారిందంటావా, లేకపోతే ఇన్నాళ్ళకి సరిగ్గా పలికిందంటావా, అది నువ్వు తేల్చుకో." సేరియా డబ్బాల మీద దుమ్ము దులపడం మొదలుపెట్టింది. అటు తిరిగే మళ్ళీ అంది. "నా మొగుడు నా కళ్ళ ముందు చచ్చాడు ఓసింగ్. పెట్టెలో పెట్టి మేకులు కొడుతుంటే విన్నాను. అయినా పొద్దున లేచి రెండు కప్పులు కాఫీ పోశాను. నీకు ఆ మేకుల చప్పుడు కూడా లేకపోయె. నేను నిన్ను తప్పుబట్టను. కానీ జవాబు మాత్రం వెనక్కి తీసుకోను. ఇష్టం వచ్చినట్టు అనుకో."

ఆ నెల ఫాదర్ వచ్చేదాకా ఓసింగ్ ఎవరితోనూ మాట్లాడలేదు. ఫాదర్ లూసియో నలభై దాటని మనిషి. చెప్పు తెగితే తాడుతో కట్టుకుని వచ్చాడు. పూజ అయ్యాక ఆవిడ గుళ్ళోనే ఆగి, జరిగిందంతా చెప్పి, ఒక్క ప్రశ్న వేసింది.

"పైకి వెళ్ళిన ప్రార్థనని వెనక్కి పిలిపించే వీలుందా ఫాదర్?"

ఫాదర్ తలగోక్కున్నాడు. "అలాంటి పూజ ఏదీ లేదక్కా. కానీ భయమెందుకు? రోల్డన్ బతికుంటే ఆ వెలుగు బతికున్నవాడి మీదే పడుతుంది. అందులో నష్టమేముంది?"

"పోయినవాళ్ళ పక్క నిలబెట్టేస్తే?"

"దేవుడు అంత పొరపాటు మనిషి కాదులెండి."

ఆవిడ నవ్వలేదు. ఫాదర్ ఇబ్బందిగా కదిలి, ఇలాంటప్పుడు ఎవరైనా చెప్పే మాటే చెప్పాడు. "మరియ తల్లిని తలుచుకోండి. ఆవిడా కొడుకుని పోగొట్టుకుంది కదా. మీ కడుపుకోత ఆవిడకి తెలుసు."

"ఆవిడకి శవమైనా దక్కింది ఫాదర్."

గుళ్ళో గబ్బిలమొకటి దూలం మారింది. ఫాదర్, "నిజమే" అన్నాడు. ఆ వెంటనే, "నా దగ్గర దానికి జవాబు లేదక్కా" అన్నాడు.

"మీ దగ్గరే లేకపోతే ఇంకెవరి దగ్గరుంటుంది?"

"శిలువ మీద ఆయన అరిచాడు చూడండి, నన్నెందుకు విడిచిపెట్టావని. ఆ పూట దానికి ఎవరైనా పలికారా? ఎవరూ పలకలేదు. ఆ శుక్రవారమూ పలకలేదు, మర్నాడు శనివారమంతా పలకలేదు. నాకు తెలిసింది అంతవరకే. పిలిచి పిలిచి జవాబు రానివాడు ఎలా ఉంటాడో మనం మొక్కే దేవుడికి తెలుసు. తెలియని దేవుడైతే నేను ఈ తెగిన చెప్పులేసుకుని ఇంత దూరం వచ్చేవాణ్ణి కాదు."

"ఆదివారం లేచాడుగా ఆయన."

"లేచాడు."

"మాకు ఆదివారం ఎప్పుడు?"

ఫాదర్ తన చెప్పు తాడు సవరించుకున్నాడు. పడవ వెళ్ళిపోతుందని బయట ఎవరో కేకేశారు. వెళ్ళేముందు ఆయన ఆవిడ నుదుటి మీద బొటనవేలితో శిలువ గుర్తు వేశాడు.

ఇంటికొచ్చేసరికి జొనలిన్ వంటింట్లో చేప తోముతోంది. అత్తని చూసి లేవలేదు.

"ఫాదర్‌ని అడిగాను. వెనక్కి తీసుకునే వీలు లేదట" అంది ఓసింగ్, నేరం ఒప్పుకున్నట్టు.

"మంచిదే."

"మంచిదా?"

జొనలిన్ కత్తి కిందపెట్టింది. ఆ పిల్ల గొంతు పెద్దది చెయ్యడం ఎవరూ ఎరగరు. ఇప్పుడూ చెయ్యలేదు. "అత్తయ్యా, మీరు ఊళ్ళో అందరి కొడుకుల కోసమూ తొమ్మిదేసి సాయంత్రాలు కూర్చున్నారు. అందరి పెళ్ళాలకీ ఏడ్చే వీలు కల్పించారు. నాకు ఒక్కదానికే కల్పించలేదు. నేను పెళ్ళాన్నా, ముండమోసినదాన్నా? ఏమని ఏడవాలి నేను? ఆ సాయంత్రం ఊరంతా అతని మీద వెలుగు పడాలని పలికారు చూడండి, నేను అరిచింది భయపడి కాదు. ఎవరో నీళ్ళలోంచి జుట్టు పట్టుకుని నన్ను పైకి లాగినట్టయింది. ఒక్క గుక్క గాలి పీల్చాను. మర్నాడు పొద్దున్నే మీరెళ్ళి ఇల్లిల్లూ తిరిగి దాన్ని లాక్కొచ్చేశారు."

ఓసింగ్ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది.

"వాడు తిరిగొస్తే? వచ్చేసరికి మనం వాణ్ణి సాగనంపేసి ఉంటే, వాడి ముఖం ఎలా చూడనే పిల్లా?"

"వస్తే నవ్వుతాడు అత్తయ్యా. మీకు తెలీదా అతని సంగతి? నా జపానికి పంది కోశారా లేదా అని అడుగుతాడు."

ఇద్దరూ కాసేపు నవ్వారు. అది ఎప్పుడు ఏడుపైందో ఇద్దరికీ తెలియలేదు. పిల్లి వచ్చి చేప ఎత్తుకుపోయింది, ఎవరూ తరమలేదు.

ఓసింగ్ ఒప్పుకుంది. కానీ ఒక మెలిక పెట్టింది. జపం జరగనీ, ఊరు రానీ, కాఫీ పోద్దాం. నిత్య విశ్రాంతి అనే చోట మాత్రం వాడి పేరు ఎవరూ అనకూడదు. అక్కడ ఆగి, ఊరుకుని, ముందుకి పోవాలి. తన చేతుల మీదుగా రెండోసారి వాణ్ణి చంపలేనంది. అన్నట్టు, తను చెప్పించదు కూడా. ఎవరు చెప్పిస్తారో వాళ్ళిష్టం.

చెప్పించడానికి ముందుకొచ్చింది సేరియా. "నువ్వు పలకడం ఎలా ఉంటుందో కూడా ఊరు చూడాలిగా" అంది.

సేరియా జపం చెప్పించడం ఒక విపత్తు. దుఃఖ రహస్యాల బదులు సంతోష రహస్యాలు మొదలుపెట్టింది. పది మరియమ్మ జపాల చోట పన్నెండు చెప్పింది. లాటిన్ చోట తనకి తోచిన శబ్దాలు చేసింది. మూల పీట మీద కూర్చున్న ఓసింగ్ మొదటి సాయంత్రమంతా పళ్ళు కొరుక్కుంటూనే ఉంది. రెండో సాయంత్రం ఉండబట్టలేక, "పదయ్యాయే!" అని కేకేసింది. "ఎక్కువ చెప్తే పాపమా?" అని సేరియా అక్కణ్ణుంచే అరిచి పదమూడోది చెప్పింది. జనం తలలొంచుకుని భుజాలు కదుపుతూ నవ్వారు. అయినా జవాబులు మాత్రం తప్పకుండా పలికారు. ఓసింగ్ పలకలేదు. జీవితమంతా పిలిచిన గొంతుకి పలకడం రాలేదు. పెదాలు కదిపేది, శబ్దం వచ్చేది కాదు.

ప్రతి సాయంత్రం చివర సేరియా, "ప్రభువా, నీ దాసుడు..." అని ఆగేది. ఆ ఆగిన చోట ఎవరికీ ఏం చెయ్యాలో తెలిసేది కాదు. ఒకరు దగ్గేవారు, ఒకరు ముసుగు సర్దుకునేవారు. సేరియా "ఆమెన్" అని గబగబా ముగించేసేది. జొనలిన్ రోజూ కళ్ళు గట్టిగా మూసుకుని, ఏదో అందుకోబోయి అందక, మళ్ళీ తెరిచేది.

ఆఖరి సాయంత్రం వాన పట్టింది. వస్తారో రారో అనుకుంటే అందరూ వచ్చారు, అరిటాకులు నెత్తిన పెట్టుకుని. అరిటాకులో చుట్టిన తీపి అన్నపు ముద్దలు పళ్ళేల్లో పేర్చి ఉన్నాయి. మాంసం లేదు. సేరియా ఆ పూట ఎందుకో ఒక్క తప్పూ చెయ్యలేదు. చివరికొచ్చింది.

"ప్రభువా, నీ దాసుడు..."

ఆగింది. అందరూ ఓసింగ్ వైపు చూశారు. చూడలేదన్నట్టు నటించారు గానీ చూశారు. ఓసింగ్ లేచి నిలబడింది. నోరు తెరిచింది. ఆ మూడు అక్షరాలూ గొంతు దాకా వచ్చిన సంగతి గదిలో అందరికీ కనపడింది. పేరు రాలేదు. పూసలు పట్టుకున్న చెయ్యి పైకెత్తి, మళ్ళీ దించేసింది.

ఎవరు మొదలుపెట్టారో ఎవరూ తేల్చలేకపోయారు. వడ్రంగి తానేనంటాడు, కానీ వడ్రంగి మాట ఎవరు నమ్ముతారు? పేరు అననే లేదు, విశ్రాంతి అడగనే లేదు. ఆ ఖాళీకే జనం పలికేశారు.

"నిత్య వెలుగు అతని మీద ప్రకాశించుగాక."

జొనలిన్ నేల మీదికి ఒరిగి, రెండేళ్ళ ఏడుపూ ఏడ్చింది. ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఓసింగ్ నిలబడ్డ చోటే నిలబడి ఉంది. ఆవిడకి ఏ వెలుగూ కనపడలేదు. కొడుకు పోయాడనీ అనిపించలేదు, ఉన్నాడనీ అనిపించలేదు. ఎవరూ లేని గుంటలోకి రాయి వేసి చప్పుడు కోసం చూస్తున్నట్టుంది. కాకపోతే ఇప్పుడు తన పక్కన ఇంకా చాలామంది నిలబడి, తలలు వంచి, ఆ గుంటలోకే చూస్తున్నారు. కాసేపటికి తీపి అన్నం తెమ్మని ఎవరో అన్నారు. ఓసింగ్ వెళ్ళి తెచ్చింది.

రోల్డన్ రాలేదు. జొనలిన్ నల్లబట్టలు కట్టి, ఏడాది తిరిగాక విప్పి, తన దీవికి వెళ్ళిపోయింది. పండక్కి ఉత్తరం రాస్తుంది. ఓసింగ్ మళ్ళీ చావు ఇళ్ళల్లో జపం చెప్పిస్తోంది, ఎప్పటి గరగర గొంతుతోనే. సాయంత్రం ఖాళీగా ఉంటే ఒడ్డుకి వెళ్ళడం మానలేదు. పడవల వాళ్ళు వంగి వలలు చూసుకోవడమూ మానలేదు.

ఒక్కటే కొత్త అలవాటు పడింది. "ప్రభువా, నీ దాసుడు" అన్నాక ఓసింగ్ కాస్త ఆగుతుంది. కావాలని ఆగుతుందో, ఆగిపోతుందో తెలియదు. జనం ఆ ఖాళీకి ఒకసారి పలుకుతారు. అప్పుడావిడ చనిపోయినవాడి పేరు చెబుతుంది, జనం మళ్ళీ పలుకుతారు. పై ఊళ్ళ నుంచి చావుకొచ్చిన చుట్టాలు దీంతో తికమకపడి, పలకకూడని చోట పలికి, పలకవలసిన చోట ఊరుకుని, సిగ్గుతో ముసుగులు ముందుకి లాక్కుంటారు. తినాబ్లాన్‌లో ఇదేం పద్ధతని వాళ్ళలో ఎవరైనా అడిగితే, ఇక్కడ ఇంతేనని చెప్పి వాళ్ళ చేతిలో కాఫీ కప్పు పెడతారు.